జంటకథకు కుదిరిన సంబంధం

పద్మావతి గారు మా ఊరు వస్తున్నారని తెలిసిన రోజు నుంచి ఇంట్లో అందరూ మామూలుగానే ఉన్నారు, నేను తప్ప. హాల్లో కుర్చీలు అటు జరిపి ఇటు జరిపి, కిటికీ తెరలు ఉతికించి, ఉతికాక పాత మురికే బాగుందని సణిగి, అందరి ప్రాణాలూ తీశాను. ఆవిడా నేనూ కలిసి కథలు రాయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మా ఇద్దరి పేర్ల మీద పుస్తకాలు వచ్చాయి. అయినా ఒకరి ఎదుట ఒకరం ఎప్పుడూ కూర్చోలేదు. మొదట్లో కలవకూడదని అనుకున్నాం, తర్వాత కలవకపోవడమే అలవాటైపోయింది. ఆవిడది కడప జిల్లా జమ్మలమడుగు. హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. సింహాచలం దర్శనానికి వస్తూ, అక్కణ్ణుంచి నర్సీపట్నం ఎంతదూరమని ఫోన్ చేసి అడిగారు. "అంతదూరం వచ్చి మిమ్మల్ని చూడకుండా పోతే బాగుండదు గదప్పా" అన్నారు. ఆ మాటతో నా కాళ్ళు భూమ్మీద ఆగలేదు.

మా అమ్మాయి లహరి ఇంటర్ చదువుతోంది. అదీ ఫోనులో ఇలాంటి రాతే రాస్తుంది. వాళ్ళు దాన్ని రోల్‌ప్లే అంటారు. ఇద్దరు చెరో పాత్ర తీసుకుని, నువ్వో ముక్క నేనో ముక్క చొప్పున ఒకే కథ నడపడం. మేం ఆ రోజుల్లో జంటకథ అనేవాళ్ళం. సరిగ్గా ఆ వారంలోనే దానితో రాస్తున్న పిల్ల ఎవరో చెప్పాపెట్టకుండా మాయమైపోయింది. లహరి ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చుని, నా హడావుడి చూసి చిరాకుపడి, "నాన్నా, అసలు ఈవిణ్ణి ఎలా పట్టావు?" అని అడిగింది. పట్టింది నేను కాదమ్మా, మీ పెద్ద మామ్మ అన్నాను. మా మేనత్తకి చదువు రాదు, కంప్యూటర్ని దూరం నుంచి తప్ప చూడలేదు. లహరి నమ్మలేదు. నమ్మించడానికి దానికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

అత్తవాళ్ళ ఇల్లు నర్సీపట్నంలోనే, ఆర్టీసీ కాంప్లెక్స్ వెనక వీధిలో ఉండేది. వీధి గదుల్లో మామయ్య నెట్ సెంటర్ పెట్టాడు. అంతకుముందు అదే చోట ఎస్టీడీ బూత్, దానికి ముందు సైకిళ్ళ అద్దె షాపు. ఊరికి ఏది కొత్తగా వస్తే అది మామయ్య ముందు గదిలోకి వచ్చేది. ప్లైవుడ్ కేబిన్లు, ఒక్కో కేబిన్‌కీ ఒక చిన్న ఫ్యాను, ప్రతి సీపీయూకీ కుంకుమ బొట్టు. పొద్దున్నే మామయ్య అగరొత్తి వెలిగించి అన్ని మానిటర్లకీ చూపించేవాడు. వేడెక్కిన దుమ్ము వాసన, అగరొత్తి వాసన, వెనక వంటింట్లోంచి పనసపొట్టు కూరలో అత్త కలిపే ఆవ ఘాటు, ఈ మూడూ కలిసిన వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు. పైగా పెరట్లో గాబు నిండా ఎప్పుడూ అడ్డాకులు నానుతూ ఉండేవి. చింతపల్లి ఘాట్ మీంచి కొండవాళ్ళు సంతకి తెచ్చే ఆకులు అవి. అత్త వాటిని వెదురు పుల్లలతో గుండ్రటి విస్తళ్ళుగా కుట్టేది. అమ్మడానికి కాదు. చేతులు ఊరుకుంటే ఆవిడకి మాట సాగదు.

నన్ను మా నాన్న కృష్ణదేవిపేటలో బస్సెక్కిస్తూ అక్కకి పంపిన కబురు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు. "ఈడు మొదలెడతాడు గానీ ఏదీ అవగొట్టడు. కొన్నాళ్ళు నీ కాడ ఉంచుకో." ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఐటీఐ సగం, టైపు సగం, మోటార్ వైండింగ్ సగం, మధ్యలో మృదంగం కూడా సగం. వానాకాలం పోయాక వచ్చి చూస్తాననీ, అప్పటికి కూడా చూపించుకోడానికి ఏమీ లేకపోతే పాయకరావుపేటలో మా దూరపు బంధువుల జీడిపప్పు బట్టీలో పెట్టేస్తాననీ చెప్పాడు. జీడిపప్పు బట్టీ మీద నాకేం చిన్నచూపు లేదు. కాకపోతే నాకు రాయాలని ఉండేది. కథల మొదళ్ళు నా దగ్గర బోలెడన్ని ఉండేవి. మొదటి పేజీ నేను రాసినంత జోరుగా ఉత్తరాంధ్రలో ఇంకెవరూ రాయలేరని నా నమ్మకం. రెండో పేజీ దగ్గర పెన్ను మొరాయించేది.

నెట్ సెంటర్లో నా పని కేబిన్లు కేటాయించడం, మౌసులు తుడవడం. ఖాళీ దొరికినప్పుడు ఒక తెలుగు సైట్లో దూరేవాణ్ణి. దేశాలు పట్టిపోయిన తెలుగువాళ్ళు, పట్టని తెలుగువాళ్ళు, అందరూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునే చోటు అది. అందులో జంటకథలకి ఒక మూల ఉండేది. దాని నియమాలు కచ్చితంగా ఉండేవి. ఎవరి పాత్ర వాళ్ళదే, ఎదుటివాళ్ళ పాత్ర చేత మాట్లాడించకూడదు. ఒకరే వరసగా రెండుసార్లు రాయకూడదు. బయటివాళ్ళు ఎవరైనా ఒక్కసారి అతిథిగా కథలోకి వచ్చి పోవచ్చు. చాలాకాలం ఎవరూ ఏమీ రాయకపోతే ఆ కథకి తాళం వేసేస్తారు. ఇది చూడగానే నాకు దారి దొరికిందనిపించింది. ఇంకో మనిషి ఎదురుగా కాచుకుని ఉంటే, నేను మధ్యలో వదలలేను కదా!

తీరా దిగాక తెలిసింది, మంచి జోడీ దొరకడం కంటే లాటరీ తగలడం తేలిక. ఒకాయన నా పాత్ర నోరు తెరవగానే మిగతా మాట తనే పూర్తిచేసేవాడు. ఇంకొకాయనకి కత్తియుద్ధాలు తప్ప ఏమీ పట్టదు, నా పశువుల కాపరి చేతికి కూడా కత్తి ఇచ్చేశాడు. ఒకరెవరో అద్భుతంగా రాశారు. నేను అన్నం తింటూ కూడా ఆ వాక్యాలే నెమరేసుకునేవాణ్ణి. వాళ్ళు ఒకరోజు నుంచి ఇక రాలేదు. కోపం రాలేదు గానీ, చాలా చిన్నబోయాను. అప్పుడు ఇక లాభం లేదని, జోడీ కావాలంటూ ఒక ప్రకటన రాసి పెట్టాను. రోజంతా అత్త సంబంధాల కబుర్లు వింటూ బతుకుతున్న ఇంట్లో ఆ ప్రకటన ఎలా తయారవుతుంది? "కోపతాపాలు లేని, మాటమీద నిలబడే, సంప్రదాయంగా రాసే తోడు కావలెను. దూరప్రాంతం వారైనా అభ్యంతరం లేదు." రెండు రోజుల్లో నాకు గోత్రాలతో సహా జవాబులు వచ్చాయి. తణుకు నుంచి ఒకాయన వాళ్ళ చెల్లెలి ఫొటో పంపి, అబ్బాయి ఏం చేస్తూ ఉంటాడని అడిగాడు. మామయ్య నా భుజం మీంచి ఆ ఫొటో చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అన్నంలో చెయ్యి పెట్టి కూర్చున్నాను.

"ఏటి బాబూ, కూర బాగోలేదేటి?" అంది అత్త.

"కూర కాదత్తా. నాకు జోడీ దొరకట్లేదు."

మామయ్య గబుక్కున తలెత్తాడు. నేను అంతకంటే గబుక్కున విషయం చెప్పాను. ఇద్దరు కలిసి రాసే కథ, ఎవరి మనిషి వాళ్ళది, ఒకరి తర్వాత ఒకరు అని. అత్త బాగానే అర్థం చేసుకుంది.

"అంటే ఒక పొయ్యి మీద ఇద్దరు కలిసి కూరొండినట్టు. మరా రెండో మనిషిని ముందు సూసుకోవా?"

"చూస్తూనే ఉన్నాను. ఎలా రాస్తారని అడుగుతూనే ఉన్నాను. అందరూ బాగా రాస్తామనే అంటున్నారు."

"అడిగితే ఎవులు సెప్తారు నాయనా, నాకు కోపం ఎక్కువ, నాకు ఓపిక లేదని? అడిగితే లోకంలో అందరూ మంచోళ్ళే. రేపు నాతోటి ఎస్.రాయవరం రా. ఆకులకట్ట నువ్వట్టుకో."

మా అత్త చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ సంబంధాలు చూసేది. జాతకాలు పంతులు గారు చూసుకుంటారు, మనుషుల్ని నేను చూస్తానని ఆవిడ ధీమా. వెళ్ళిన ఇంట్లో కబుర్లు చెబుతూ విస్తరి కుట్టడం మొదలుపెట్టేది. సగంలో, సరిగ్గా ఒక ఆకు ఒంపు తిరిగి ఇంకా పుల్ల గుచ్చని చోట, ఆ విస్తరిని పెళ్ళికొడుకు పక్కనో పెళ్ళికూతురి పక్కనో పెట్టి, కాళ్ళు కడుక్కొస్తానని పెరట్లోకి పోయేది. పుల్ల గుచ్చని ఆకు నిలవదు, మెల్లగా జారిపోతుంది. ఆ పక్కనున్న మనిషి దాన్నేం చేస్తారనేదే ఆవిడ పరీక్ష. కొందరు చూడనే చూడరు. కొందరు జారిపోయాక చూసి నవ్వుతారు. కొందరు తామే గబగబా కుట్టి పారేస్తారు. ఒకమ్మాయి మొత్తం విప్పేసి, ఇలా కాదండీ అని మొదట్నుంచి కుట్టి చూపించిందట. తర్వాత్తర్వాత ఈ సంగతి ఊళ్ళలో పాకి, తల్లులు పిల్లలకి ముందే తర్ఫీదు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు అత్త ఆకులు మానేసి, చింతపండులో గింజలు సగం తీసి వదిలే పరీక్షకి మారింది. ఆవిడ కుదిర్చినవన్నీ కుదిరాయనుకోకండి. మా వీధి చివర ఒక జంట రోజూ సాయంత్రం అందరికీ వినపడేలా పోట్లాడుకునేవాళ్ళు. వాళ్ళ ఊసెత్తితే అత్తకి వెంటనే వంటింట్లో పని గుర్తొచ్చేది.

ఎస్.రాయవరంలో మేం చూసిన అబ్బాయి లారీ మీద పనికి పోయేవాడు. పెద్దగా మాట్లాడలేదు. అత్త విస్తరి పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళింది. ఆకు జారబోయింది. ఆ అబ్బాయి బొటనవేలితో దాన్ని నొక్కిపట్టి కూర్చున్నాడు. అత్త కావాలనే ఆలస్యం చేసింది. ఈగ ముక్కు మీద వాలినా అతను రెండో చేత్తో తోలుకున్నాడే గానీ ఆ వేలు తియ్యలేదు. ఆవిడ వచ్చాక, "పట్టుకోమంటారా, నన్నే కుట్టీమంటారా అండీ?" అని అడిగాడు. తిరుగు ప్రయాణంలో షేర్ ఆటోలో ఇంజను మోతని మించి అత్త నా చెవిలో అరిచింది. "అడిగినాడు, సూసేవా? అదీ మనిషంటే! కుట్టడం ఎవులికైనా వస్తాది." ఆ ఆటోలో నేను అత్త పక్కన నలిగిపోతూ, నా కథ మొదలు నా తలలో రాసేసుకున్నాను.

ఆ మర్నాడు నా ప్రకటన తీసేసి దాని చోట ఒక చిన్న ముక్క పెట్టాను. ఘాట్ రోడ్డు మలుపులో పాత ట్రావెలర్స్ బంగళా. దాని కాపలాదారు బంగారయ్య నూతిలోంచి నీళ్ళు తోడుతున్నాడు. చేద సగం పైకి వచ్చింది. అప్పుడే బస్సు ఆగిన చప్పుడైంది. బంగారయ్య తాడుని గట్టు మీద రాయికి ఒక చుట్టు చుట్టి, ఎవరొచ్చారో చూడ్డానికి వెళ్ళాడు. చుట్టు వదులుగా ఉంది. అంతే, అక్కడ ఆపేశాను. ఎవరు రాస్తారో రండి అనలేదు, ఏమీ అనలేదు.

జవాబులు బాగానే వచ్చాయి. ఒకాయన నూతిలోంచి దెయ్యాన్ని లేపాడు. ఒకావిడ తన పాత్ర ఎంత అందగత్తో కళ్ళ దగ్గర్నుంచి కాలివేళ్ళ దాకా వర్ణించింది, నూతి ఊసే లేదు. కత్తియుద్ధాలాయన మళ్ళీ వచ్చాడు, బంగారయ్య తలే పోయింది. ఒకరు చేద పైకి లాగి, కుండలు నింపి, బంగారయ్యకి స్నానం కూడా చేయించేశారు. వీటన్నిటి కింద, పెన్నఒడ్డు అనే పేరుతో, నాలుగు వాక్యాలు ఉన్నాయి. ఒక ఇనప ట్రంకు పెట్టెతో ఒకామె బస్సు దిగింది. నూతి దగ్గర తాడు జారిపోతోంది. పెట్టె కింద పడేసి పరుగెత్తి తాడు పట్టుకుంది. లాగలేదు, పట్టుకుని, "ఈ నీళ్ళెవరివి?" అని గట్టిగా అడిగింది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. పక్క కేబిన్లో హాల్ టికెట్ తీసుకుంటున్న కుర్రాడు నాకేదో అయిందనుకున్నాడు. వంటింట్లోకి పరుగెత్తి, "అత్తా, పట్టుకుంది! లాగలేదు, పట్టుకుని అడిగింది!" అన్నాను. అత్త చేతిలో పని ఆపకుండా, "మరింకేటి, తాంబూలాలు మార్సుకోండి" అంది. నా జీవితంలో బహుమతులు, సన్మానాలు కొన్ని వచ్చాయి. ఆ పూట పొందిన సంతోషం వాటిలో దేనికీ లేదు.

అలా బంగారయ్యా, ఆ ట్రంకు పెట్టె మనిషీ ఒక ఇంట్లో పడ్డారు. ఆమె ఎందుకు వచ్చిందో చెప్పదు, బంగారయ్య అడగడు. వాళ్ళ మధ్య గొడవలన్నీ పొయ్యి ఎవరు వెలిగించాలి, పెంకులు ఎవరు సర్దాలి అనేవే. నేను ఒక ముక్క రాసి సాయంత్రానికి పంపితే మర్నాటికో ఆ మర్నాటికో ఆవిడ ముక్క వచ్చేది. నా వాక్యం ఎక్కడ వదులుగా ఉంటే సరిగ్గా అక్కడ పట్టుకునేది. బంగారయ్యకి కోపం వస్తుందని నేను అనుకున్నచోట ఆమె ఒక నవ్వించే మాట వేసేది, అప్పుడు నాకే తెలియని బంగారయ్య బయటికొచ్చేవాడు. ఎవరు, ఏ ఊరు, ఏం చేస్తారని మేం ఒకరినొకరు అడగలేదు. ఆవిడ రాతలో ఈల ఊదినట్టు ఏదో ఉండేది, అందరినీ ఒక వరసలో నిలబెట్టే తీరు. ఆటల టీచరని తెలిశాక అర్థమైంది. మామయ్య మాత్రం విసుక్కునేవాడు. "జీతం లేదు బత్తెం లేదు, ఆ బంగళాకి నువ్వెందుకురా కాపలా?" అంటూ నా వెనక చాలాసేపు నిలబడేవాడు. విసుక్కోడానికి అంతసేపు ఎందుకో నాకప్పట్లో తట్టలేదు.

వానలు మొదలయ్యాయి. అప్పుడే పెన్నఒడ్డు ఆగిపోయింది. రాయాల్సిన వంతు ఆవిడది. మొదట కరెంటు లేదేమో అనుకున్నాను, తర్వాత పండగేమో అనుకున్నాను, ఆ తర్వాత అనుకోడానికి ఏమీ మిగల్లేదు. పొద్దున్నే సెంటర్ తలుపులు తీసి మొదట ఆ పేజీ చూసి మూసేవాణ్ణి. అలాంటి సమయంలో సైట్లో బాగా పేరున్న ఒక రచయిత నాకు కబురు పంపాడు. కథ ఆయనకి నచ్చిందట. ఆ ట్రంకు పెట్టె పాత్ర తను తీసుకుంటాడట, వారంలో చక్కగా ముగించేద్దాం అన్నాడు. మా నాన్న వచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి. నా బతుకులో మొదటిసారి ఒకటి చివరికంటా చేరే అవకాశం, అదీ పెద్దవాడి చేతుల్లో పెట్టి! నోరూరలేదంటే అబద్ధం. అత్తని అడిగాను.

"ఒకళ్ళకేసిన ఆకు ముందు ఇంకొకళ్ళని కూకోబెడతావేటి?" అంది. "రాకపోతే రాదు. ఆ ఆకు అలగే ఉంటాది."

"ఉంటే తాళం వేసేస్తారత్తా. అప్పుడు ఇదీ సగమే."

"మరి నీ ఇష్టం. మడిసి కావాలో ముగింపు కావాలో నువ్వే సెప్పాలి."

మనిషి కావాలని నాకు తెలుసు. వద్దని ఆయనకి రాసేశాను. రెండు రోజులకి సైట్ నడిపేవాళ్ళ హెచ్చరిక వచ్చింది. మర్నాటి సాయంత్రంలోగా ఎవరూ ఏమీ రాయకపోతే కథకి తాళం. నేను రాయడానికి లేదు, చివరి ముక్క నాదే. మర్నాడు పొద్దున్న మామయ్య నన్ను సంతకి పంపాడు. తిరిగొచ్చేసరికి కరెంటు పోయింది. అది తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తాళం చూడ్డానికే సిద్ధపడి పేజీ తెరిచాను. నా ముక్క కింద, బాటసారి అనే కొత్త పేరుతో, అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఇలా ఉంది:

"ఓ ముసిలోడు బస్సు దిగినాడు. టీ అడిగినాడు. తాగినాడు. గ్లాసు కడిగి బోర్లించినాడు. ఎవుల్నీ ఏటీ అడగలేదు. బస్సొచ్చింది. ఎల్లిపోనాడు."

మా సెంటర్లో అన్నీ పెద్దక్షరాల్లో టైపు చేసే మనిషి ఒక్కడే. కౌంటర్ వైపు చూశాను. మామయ్య ఒక మౌసులోంచి బంతి తీసి తన పంచెకి చాలా శ్రద్ధగా తుడుస్తున్నాడు.

"మామయ్యా, ఇది నువ్వు..."

"ఏటి? నాకేటి తెలుసు? బేగి ఎల్లి ఆ మూలకేబిన్ ఫేను సూడు, తిరగట్లేదు."

ఫ్యాను బ్రహ్మాండంగా తిరుగుతోంది. దాని కింద నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. కథలో ఒక్క పుల్ల కదల్లేదు. ఎవరి పాత్రా మాట్లాడలేదు, ఎవరి వంతూ ఎవరూ తీసుకోలేదు, తాళం మాత్రం ఆగింది. కథ రాయడం గురించి ఎన్నో పుస్తకాలు చదివాను గానీ, అంత మర్యాదగా ఒక కథలోకి వచ్చి వెళ్ళినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

వానలు తగ్గుతుండగా పెన్నఒడ్డు తిరిగొచ్చింది. స్కూలు మైదానంలో పడి కాలు విరిగిందట. వాళ్ళ ఊళ్ళో నెట్ సెంటర్ మేడ మీద ఉంది. కట్టు విప్పేదాకా మెట్లెక్కలేకపోయిందట. ఈ నాలుగు మాటలూ విడిగా రాసి, వెంటనే కథలోకి దిగింది. ట్రంకు పెట్టె మనిషి లోపలికొచ్చి, అరుగు మీద బోర్లించిన గ్లాసు చూసి, "ఎవరొచ్చారు?" అంది. "ఎవరో పెద్దమనిషి" అన్నాడు బంగారయ్య. అక్కణ్ణుంచి మాకు బ్రేకుల్లేవు. చివరికి ఆమె బంగళా తాళంచెవులు తన నడుముకి కట్టుకుంది. ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ చూస్తూ జీవితం గడిపిన బంగారయ్య, మొదటిసారి తను బస్సెక్కాడు. ఆ ఎక్కే ముక్క నాది. అయిపోయింది అని టైపు చేసి, గొంతు చించుకుని అరిచాను. కేబిన్లలోంచి తలలన్నీ బయటికొచ్చాయి. మామయ్య కౌంటర్ దగ్గర లేచి, "ఇయ్యాల ఎవులి కాడా డబ్బులు తీసుకోను, ఆడుకోండి!" అన్నాడు. ఆ సెంటర్ చరిత్రలో అలాంటి రోజు అంతకుముందు లేదు, తర్వాతా రాలేదు.

మా నాన్న వచ్చాడు. "బామ్మర్దీ, నీ కొడుకు ఒకటి అవగొట్టినాడు" అన్నాడు మామయ్య గుమ్మంలోనే. ఇంగ్లీషు అక్షరాల తెలుగు నాన్నకి కొరుకుడు పడలేదు. నేనే చదివి వినిపించాను. ఆయన చేతిలో టీ చల్లారిపోయింది. నేను ఆపాక కూడా తెరవైపే చూస్తూ, "మరాడు ఏ ఊళ్ళో దిగినాడు?" అని అడిగాడు. పాయకరావుపేట మాట మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం బస్సుకి ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఇంత చెప్పాక లహరి, ఆ రోజులే నయం నాన్నా అంది. నాకా మాట నచ్చదు. కరెంటు పోతే రోజంతా పోయేది, ఆ అక్షరాలు చదివి చదివి కళ్ళు గుంటలు పడేవి. ఇప్పుడు చక్కని తెలుగు లిపిలో, అవతలివాళ్ళు టైపు చేస్తున్న సంగతి కూడా కనబడుతూ రాసుకుంటున్నారు. మా కాలంలో ఇది ఉంటే నేను వదిలేవాణ్ణా? కాకపోతే ఒకటుంది. వీళ్ళు తమ గురించి చాలా చెప్పుకుంటున్నారు. నాకివి ఇష్టం, ఇవి కష్టం, ఇలాంటివాళ్ళు రావద్దు అని. చెప్పుకోవడం మా కాలంలోనూ ఉంది, అది అప్పుడూ పనిచెయ్యలేదు. రాయడానికి మనిషి కావాలంటే వాళ్ళ చేతికి పని ఇచ్చి చూడాల్సిందే. లహరి ఫోను తీసుకుని గదిలోకి వెళ్ళి ఏదో రాసుకుంది.

పద్మావతి గారు కాంప్లెక్స్‌లో బస్సు దిగారు. పట్టుచీర, కాళ్ళకి ఆటల బూట్లు. నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఇంత పొట్టిగా ఉంటారనుకోల్యా" అన్నారు. ఆ తర్వాత మా ఇద్దరికీ బెరుకు లేదు. అత్త పోయి చాలా ఏళ్ళయింది. మామయ్య మా దగ్గరే ఉంటున్నాడు. ఎనభై దాటాయి. ఆ రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో బిగుసుకుని కూర్చున్నాడు. భోజనాలయ్యాక ఆవిడ ఉన్నట్టుండి అడిగారు. "ఇన్నేండ్లూ అడగల్యా. ఆ టీ తాగిపోయిన పెద్దాయన ఎవరప్పా? తాళం పడింటాదని అనుకొనే ఆ పొద్దు మెట్లెక్కినా. ఎవరో వచ్చి, దేన్నీ ముట్టుకోకుండా, నా తావు నాకే ఉంచి పోయినాడు. ఆడే కూర్చోని ఏడ్చినా."

నేను మామయ్య వైపు తిరిగాను. చెప్పాల్సినవాడు పక్కనే ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఎవరు అడిగినా ఫ్యాను చూడమన్న మనిషి, ఆ రోజు మాత్రం "నానేనండి" అన్నాడు.

"ఏంటికి రాసినారు?"

"ఈడు దేనికోసమైనా కాసుకొని కూకోడం నానెప్పుడూ సూడలేదండి. ఆ వానల్లో రోజూ తలుపు తీసి సూసీవోడు, మూసీసీవోడు. పెద్దాయనొకడు ముగించేద్దాం రమ్మంటే వద్దన్నాడు. ఈడు బాగుపడ్డాడని నాకప్పుడే తెలిసిపోనాది. తాళం ఎలా ఎయ్యనిస్తాను?"

పద్మావతి గారు లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు. కొత్త కథ ఈ ఇంట్లోనే మొదలుపెడదామనీ, ఈసారి ముగ్గురం రాద్దామనీ అన్నారు. మామయ్యని ఏ పాత్ర తీసుకుంటారని అడిగారు. ఆయన ఆలోచించలేదు.

"ఆ ముసిలోడేనండి. కానీ ఈసారి టీ తాగి ఎల్లిపోడు, ఉంటాడు" అన్నాడు. లహరిని పిలిచి ఫోను తెమ్మన్నాడు. మా ఇద్దరి వైపూ చెయ్యి చూపించి ఆగమని, "ముందు నాను సెప్తాను, టైపు సెయ్యి" అని మొదలుపెట్టాడు.